రెండు బిందెల మంచినీళ్ళు

హంసలదీవి,
జూలై 6, 2024.

మాస్టారికి,

మీ ఎలీసబెతు నమస్కారాలు. ఫోన్ చేస్తే మీకు వినపడదు, వినపడేలా అరిస్తే నా గొంతు పోతుంది. అందుకని ఉత్తరం. అయిదో తరగతిలో లాగా ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపకండి.

బదిలీ మీద నేనొచ్చిన, చేపలు పట్టే ఈ పల్లెకారుల బడిలోనే మీరు ఉద్యోగంలో చేరారట కదా! పాత రిజిస్టర్లో మీ సంతకం చూసి నాకు భలే సంబరమేసింది. ఇప్పుడు రెండు గదుల డాబా, పదమూడు మంది పిల్లలు, నేనొక్కదాన్నే టీచర్ని. మా ఊళ్ళో నన్ను బడి మాన్పించి వరినాట్లకు పంపుతుంటే, మీరు సైకిలేసుకుని మా నాన్న దగ్గరికి పదకొండుసార్లు వచ్చారు. ఆ పదకొండు సాయంత్రాలు లేకపోతే నేనివాళ ఈ కుర్చీలో లేను. ఈ మాట ఎప్పుడూ మీ ఎదురుగా అనలేకపోయాను, కాగితం మీదైనా అననివ్వండి.

అసలు కబురు వినండి. విజయవాడ నుంచి ఒక సేవాసంస్థ వాళ్ళు వచ్చి బడికి నాలుగు టాబ్‌లు ఇచ్చారు. పాఠాలన్నీ లోపలే ఉంటాయి, సిగ్నల్‌తో పని లేదు. బొమ్మలు కదులుతాయి, లెక్క కరెక్టయితే బుడగ పగులుతుంది, పిల్లలు పాఠం చదివితే రికార్డు చేసి మళ్ళీ వాళ్ళకే వినిపిస్తుంది. తీరా పంచబోతే ఒక్కరూ ముట్టుకోరు! ఏమర్రా అంటే, "పేరెట్టకుండా ఎలాగండీ?" అన్నారు. ఇక్కడ పేరు పెట్టందే పడవను నీళ్ళలోకి దించరు. మర్నాడు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చుకున్నారు. గోళ్ళరంగుతో నాలుగింటి వెనకా పేర్లు రాశారు. గంగమ్మ, మోపిదేవి, బంగారుపాప, సముద్రరాణి. నేను నా ప్రార్థన నేను చేసుకున్నాను, వాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. ముక్క నేనూ తిన్నాను.

మూడో తరగతిలో శ్రీదుర్గ అని ఒక పిల్ల ఉంది. రెండేళ్ళుగా బడిలో నోరు విప్పలేదట. మూగదేమో అనుకున్నాను. నిన్న సముద్రరాణిలో వెతుకుతుంటే ఏడు రికార్డింగులు దొరికాయి. గోడవైపు తిరిగి కూర్చుని తనే చదివి, తనే వింటోంది! తడబడిన చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి చదువుతోంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి మాస్టారూ. వాళ్ళ నాన్న ఏడుకొండలు పడవ ఇంజను నడుపుతాడు. ఐసు వేసుకుని చేపలవేటకు వెళ్తే మూడు నాలుగు రోజులకు గాని రాడు.

ఆ పిల్ల కోసమే ఒక ఆలోచన వచ్చింది. టాబ్‌లు వంతులవారీగా ఇళ్ళకు పంపితే? మీ సలహా కావాలి.

ఇంకొకటి, బీరువా అడుగున గుడ్డలో చుట్టిన రేడియో ఒకటి దొరికింది. కొత్తదానిలా మెరుస్తోంది. దానిమీద మీ చేతిరాతతో ‘ఎవరూ తాకరాదు’ అని కాగితం అంటించి ఉంది. ఏమిటా కథ?

మీ ఎలీసబెతు.


గుడివాడ,
జూలై 17.

చిరంజీవి ఎలీసబెతుకు,

దిద్దడానికి ఏమీ దొరకలేదు, అదొక వెలితి.

పదకొండు కాదు, పన్నెండుసార్లు. ఒకసారి మీ నాన్న రత్నరాజు ఇంట్లో లేడు. మీ అమ్మ మజ్జిగ ఇచ్చి పంపించింది.

టాబ్‌లు ఇళ్ళకు పంపొద్దు. సర్కారు బడిలో వస్తువు అంటే నీ నెత్తిన ఉన్న బరువే. పోయినా, పగిలినా అడిగేది నిన్నే, ఇచ్చిన దాతల్ని కాదు. పైగా అది ఉప్పునీటి ఊరు. పిల్లల చేతులెప్పుడూ తడే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? బడిలో చూపించు, సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

ఆ శ్రీదుర్గ నాయనమ్మ పేరేమిటి?

ఆశీస్సులతో,
పిచ్చేశ్వరరావు.


హంసలదీవి,
ఆగస్టు 11.

మాస్టారికి,

ముందుగా క్షమాపణ. మీ మాట వినలేదు. టాబ్‌లు ఇళ్ళకు పంపుతున్నాను.

తిట్టే ముందు ఇది చదవండి. సాయంత్రం ఇవ్వాలి, పొద్దున్నే తేవాలి. ఇంట్లో ఎవరికైనా ఒక పాఠం వినిపించి రావాలి, అదే హోంవర్కు. తడి చేత్తో ముట్టుకుంటే తెర కదలదని వాళ్ళే కనిపెట్టి, ఇప్పుడు చొక్కాలకు చేతులు తుడుచుకుని మరీ కూర్చుంటున్నారు. ఒకడి తల్లి ఎండుచేపలు ఏరుతూనే ఎక్కాలు వింటోంది. "పదమూడో ఎక్కం దాకా వచ్చిందండీ నాకు" అని మొన్న రోడ్డుమీద ఆపి చెప్పింది. ఇంకో ఇంట్లో తాతకు నక్కబావ పాఠమంటే ఇష్టం, రోజూ అదే పెట్టమంటాడట. ఆ మనవడికి వేరే పాఠం వస్తే ఒట్టు.

శ్రీదుర్గ నా దగ్గర ఇంకా నోరు విప్పలేదు. ఇంట్లో మాత్రం వలల కుప్ప ఎక్కి కూర్చుని నాయనమ్మకు గడగడా వినిపిస్తోందట. ఆవిడ పేరు పెద్దింట్లమ్మ. ఎందుకడిగారు? మీరున్నప్పటి మనిషేనా? మీ పేరు చెబితే, "ఆ మాస్టారాండీ" అని ఊరుకుంది.

రేడియో కథ మీరు చెప్పనేలేదు.

ఎలీసబెతు.


గుడివాడ,
ఆగస్టు 20.

అమ్మాయీ,

చేసేది చేశావు, జాగ్రత్తగా చెయ్యి. నాకు మోకాళ్ళ నొప్పి, ఎక్కువ రాయలేను. పెద్దింట్లమ్మను నేనెరుగుదును. రేడియో సంగతి వదిలెయ్. పాతబడిన వస్తువు.

పిచ్చేశ్వరరావు.


హంసలదీవి,
సెప్టెంబరు 20.

మాస్టారికి,

మీరు చెప్పిందే జరిగింది. సముద్రరాణి సముద్రంలో పడింది.

మొన్న మంగళవారం శ్రీదుర్గ వంతు. ఆరోజే వాళ్ళ నాన్న పడవ వచ్చింది. పాఠం నాన్నకు వినిపించాలని ఇంటిదాకా ఆగలేక, టాబ్ గుండెలకు హత్తుకుని ఒడ్డుకు పరిగెత్తింది. పడవెక్కబోతూ కాలు జారింది. ఏడుకొండలు మునిగి టాబ్ తీశాడట. అంతటితో అయిపోలేదు. దాన్ని పెద్దింట్లమ్మ ఏం చేసిందో తెలుసా? ఇంట్లో ఉన్న రెండు బిందెల మంచినీళ్ళూ పోసి కడిగింది! తిప్పి తిప్పి కడిగిందట. వారానికి రెండుసార్లు ట్యాంకరొచ్చే ఊళ్ళో, తాగడానికి పెట్టుకున్న నీళ్ళు.

మర్నాడు నాయనమ్మ, మనవరాలు బడికొచ్చారు. "ఉప్పంతా పోయిందమ్మా, నీడలో ఆరెట్టాను" అంటూ చేతిలో పెట్టింది. దాని తెర నల్లగా ఉంది. కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు. "టాబ్‌ని ఎవరైనా నీళ్ళతో కడుగుతారా! బతికేదాన్ని కూడా చంపేశారు" అని ఆవిడ మీద అరిచాను. తర్వాత ఆ పిల్లవైపు తిరిగి, "నీకిచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ. పాడుచేశావు" అన్నాను. పిల్లలందరి ముందూ. ఏడుకొండలు ఏమన్నాడో నాకు తెలియదు, ఆరోజే మళ్ళీ వేటకు వెళ్ళిపోయాడు.

గురు, శుక్రవారాలు ఆ పిల్ల బడికి రాలేదు. మిగిలిన మూడు టాబ్‌లూ బీరువాలో పెట్టి తాళం వేశాను. మీ రేడియో పక్కనే పెట్టాను. మీరన్నదే నిజం. ఇక ఎవరికీ ఇవ్వను.

ఎలీసబెతు.


గుడివాడ,
సెప్టెంబరు 25.

ఎలీసబెతూ,

నేనన్నది నిజం కాదు. ఆ తాళం తియ్యి.

రేడియో కథ అడిగావు కదా, విను. అది 1986. బడిపిల్లలకు పాఠాలు వినిపించమని సర్కారు ఇచ్చింది. నాకు కొత్త ఉద్యోగం. అది పాడైతే ఇంటికి పంపేస్తారని భయం. నెలకోసారి తీసి, పిల్లల్ని బారెడు దూరంలో కూర్చోబెట్టి పది నిమిషాలు వినిపించి, మళ్ళీ గుడ్డ చుట్టేవాణ్ణి. మూడో తరగతిలో ఏడుకొండలు అని ఉండేవాడు. నేను భోజనానికి వెళ్ళినప్పుడు, లోపల ఎవరున్నారో చూద్దామని రూపాయి బిళ్ళతో దాని వెనక మూత విప్పాడు. వచ్చి చూశాను. బెత్తం విరిగేదాకా కొట్టాను. ‘పాడుచేశావురా, సర్కారు వస్తువు పాడుచేశావు’ అన్నాను. నువ్వన్నావే, అదే మాట.

ఆ సాయంత్రం మూత బిగించి, బ్యాటరీలు వేసి తిప్పాను. పాడింది. శుభ్రంగా పాడింది. దానికేమీ కాలేదు.

మర్నాడు వాడికి చెబుదామనుకున్నాను. మాస్టారు తప్పు ఒప్పుకుంటే పిల్లలు లోకువ కడతారని ఆగాను. వారం తర్వాత పెద్దింట్లమ్మ ఎదురుపడితే, వాడు రావడం లేదేమని అడిగాను. "పడవెక్కాడండి" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. బ్యాటరీలు తీసేసి, నువ్వు చూసిన ఆ కాగితం అంటించాను. వాడు మళ్ళీ బడి గడప తొక్కలేదు.

నేను మీ ఇంటికి పన్నెండుసార్లు వచ్చానని ఇన్నేళ్ళూ నన్ను దేవుణ్ణి చేశావు. ఒక పిల్లవాడి ఇంటికి ఒక్కసారి కూడా వెళ్ళనివాణ్ణి కనక మీ ఇంటికి అన్నిసార్లు వచ్చాను. నీ కృతజ్ఞత నాకు చెందదమ్మా, వాడికి చెందుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, అంతే.

ఈ ఉత్తరం అందగానే శ్రీదుర్గ ఇంటికి వెళ్ళు. టాబ్ బాగవుతుందా లేదా అన్నది తర్వాత. ముందు పిల్ల. ఆ తర్వాత బందరు బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే ధనరాజు కొట్టుకు వెళ్ళు. నా శిష్యుడే. అయిదో ఎక్కం రాదు గాని చేతిలో విద్య ఉంది.

పిచ్చేశ్వరరావు.


హంసలదీవి,
సెప్టెంబరు 29.

మాస్టారికి,

మీ ఉత్తరం అందింది. మీమీద కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఆ కోపం తగ్గకముందే నేనన్న మాట గుర్తొచ్చింది. బండి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

శ్రీదుర్గ వలల కుప్ప వెనక దాక్కుంది. నేనూ వెళ్ళి ఆ నీచు వాసనలో కూర్చున్నాను. "తప్పు నాదే తల్లీ. నువ్వు పాడుచెయ్యలేదు. కాలు జారితే ఎవరేం చేస్తారు? అది బాగవ్వకపోయినా నువ్వు బడికి రావాలి" అన్నాను. కుప్ప చాటునుంచి తల బయటపెట్టింది. తర్వాత, "బాగవుద్దాండీ?" అంది. మాస్టారూ, ఆ పిల్ల నాతో అన్న మొట్టమొదటి మాట అది!

నిన్న శనివారం ముగ్గురం బందరు వెళ్ళాం. పెద్దింట్లమ్మ రానంటే రానంది. "మళ్ళీ అరుస్తారమ్మా" అంది. ఆవిడ చేతులు పట్టుకుని తీసుకెళ్ళాను. ధనరాజు మీ పేరు వినగానే కుర్చీలోంచి లేచాడు. టాబ్ విప్పి, భూతద్దంలో చూసి, "పడి ఎన్నాళ్ళయిందండీ? ఉప్పు మరక లేదేంటి? దీన్ని ఎవరన్నా కడిగారా?" అన్నాడు. పెద్దింట్లమ్మ నా వెనక్కి తప్పుకుంది. నేను భయం భయంగానే ఆవిణ్ణి చూపించాను.

"మామ్మగారూ, మీరు కడగబట్టే బతికిందండీ ఇది! ఉప్పునీళ్ళు అలాగే ఆరిపోయుంటే ఈపాటికి బోర్డంతా తినేసేది. ఆన్ చెయ్యకుండా ఉంచారు, అదీ మంచిదయింది. బ్యాటరీ ఒక్కటే పోయింది" అన్నాడు.

"ఇంజను సముద్రంలో పడితే మావోళ్ళు చేసేది అదే గదయ్యా. ముందు మంచినీళ్ళు, తర్వాతే ఏదైనా" అంది ఆవిడ. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. అందరూ తడి ఫోన్లు కడుక్కోవాలని కాదుట, ఉప్పునీటిలో పడ్డదానికే ఈ వైద్యమని ధనరాజు పదేపదే చెప్పాడు. ఆవిడకు అక్కడే దణ్ణం పెట్టాను. తాగే నీళ్ళు పోసి మా బడి వస్తువును బతికించిన మనిషిని పట్టుకుని చంపేశారని అరిచాను చూడండి.

ధనరాజు స్పిరిటుతో తుడిచి, బ్యాటరీ మార్చి, ఆన్ చేసి చూస్తుంటే వేలు దేనికో తగిలింది. శ్రీదుర్గ గొంతు వచ్చింది. మంగళవారం నాటి పాఠం. ఎక్కడా తడబడకుండా చదివి, చివర, ‘నాన్నా, ఇది నేనే చదివాను’ అంది. ధనరాజు అదే రికార్డింగును మెమరీ కార్డులో ఎక్కించి, "మీ నాన్న ఫోన్లో వేసివ్వు. సముద్రం మీద సిగ్నల్ ఉండదుగా, ఇది పలుకుద్ది" అని పిల్ల చేతికిచ్చాడు.

మూడు టాబ్‌లూ బీరువాలోంచి బయటికొచ్చాయి. వేటకెళ్ళేటప్పుడు ఫోన్లు కట్టుకునే పాలిథిన్ సంచులు నాలుగు పెద్దింట్లమ్మ తెచ్చిచ్చింది. రెండు ముళ్ళు వేసి పంపుతాను.

ఏడుకొండలు ఎల్లుండి వస్తాడు. రేడియో సంగతి నేను చెప్పనా, మీరు రాస్తారా?

మీ ఎలీసబెతు.


గుడివాడ,
అక్టోబరు 4.

ఎలీసబెతూ, నేనే రాయాలి. ఇది వాడికి చదివి వినిపించు. ఒక్క ముక్క మార్చకు.

ఏడుకొండలూ,

రేడియో పాడవలేదు. నువ్వు మూత తీసిన రోజు సాయంత్రమే పలికింది. ఆ సంగతి నీకు ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పకుండా దాచాను. నీ తప్పేమీ లేదు. నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు, అయినా అడుగుతున్నాను. మీ అమ్మకు నా నమస్కారాలు.

పిచ్చేశ్వరరావు.


హంసలదీవి,
అక్టోబరు 13.

మాస్టారికి,

మీ ఉత్తరం ఏడుకొండలుకు బడి అరుగు మీద కూర్చోబెట్టి చదివాను. విని, "మళ్ళీ చదవండి" అన్నాడు. మళ్ళీ చదివాను.

"నేను దెబ్బలకి మానలేదండీ. అప్పుడు దెబ్బలు తినందెవరు? సర్కారు రేడియో పాడుచేశాను, పోలీసులొస్తారని మా అమ్మ పడవెక్కించేసింది. రెండేళ్ళు కాకీ చొక్కా కనపడితే ఒడ్డున మడచెట్ల గుబురులో దాక్కునేవోణ్ణి" అన్నాడు. పక్కనే ఉన్న పెద్దింట్లమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

మీకు నొప్పి కలుగుతుందని తెలిసి కూడా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆ తర్వాత అతనన్నది కూడా రాయాలి. "చదువు రాలేదన్న బాధ ఉందండీ, లేదనను. కానీ మూత తీసినప్పుడు లోపల చూశాను గదా, అది మరుపు రాలేదు. ఇంజన్లు విప్పే బుద్ధి ఆరోజే పుట్టింది. మాస్టారు ఇన్నేళ్ళకైనా చెప్పారు, నా గుండెలమీద బరువు దించారు. కోపం లేదని రాయండి."

మీరు మా ఇంటికి పన్నెండుసార్లు ఎందుకొచ్చారో అతనికి చెప్పాను. మీరు చెప్పమనలేదు, నేనే చెప్పాను. "మీ వల్ల నేను చదువుకున్నానండీ" అని అతనికి రెండు చేతులూ జోడించాను. సిగ్గుపడిపోయి, "ఊరుకోండి టీచర్ గారూ, ఏదీ ఆ రేడియో" అన్నాడు.

బీరువాలోంచి తీసిచ్చాను. ముట్టుకునే ముందు నావైపు చూశాడు, మాస్టారూ. నలభై ఏడేళ్ళ మనిషి. ముట్టుకోమని తలూపాను. స్క్రూడ్రైవరుతో అదే మూత విప్పాడు. పిల్లలు పదమూడు మందీ మీద పడి చూశారు, ఎవర్నీ దూరం జరగమనలేదు. కొత్త బ్యాటరీలు వేస్తే మొదట పలకలేదు. అతను నవ్వి, తుప్పు గీకి, తీగ ఒకటి సరిచేసి మళ్ళీ తిప్పాడు. గరగర, ఆ వెనకే విజయవాడ స్టేషను! పిల్లలు గోల గోల. టాబ్ చేతిలో ఉన్నవాళ్ళు కూడా ‘బొమ్మ లేకుండా ఎలా మాట్లాడుద్దండీ’ అని దాని చుట్టూ మూగారు.

రేపటి నుంచి సాయంత్రం ఒక పావుగంట అతను ఒడ్డున ఉన్న రోజుల్లో బడికొచ్చి కూర్చుంటానన్నాడు. శ్రీదుర్గ టాబ్‌లో అ, ఆలు పెడుతుంది. పేరుకు ఆ పిల్ల టీచరు, నాకంటే స్ట్రిక్టు.

మీకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను. పన్నెండుసార్లు వచ్చినందుకే కాదు, ఈ ఒక్కసారి రాసినందుకు కూడా. కింది రాత నాది కాదు. దిద్దకండి.

మీ ఎలీసబెతు.

పిచ్చేశ్వరరావు తాతగారికి,

నా పేరు శ్రీదుర్గ. మూడో తరగతి. ఇది నేనే రాశాను. రేడియో పలుకుతుంది. మా నాన్న పాడుచెయ్యలేదు. మీకు సరిగ్గా వినపడదని టీచర్ గారు చెప్పారు. మీరు రండి, సౌండు పెద్దది పెడతాం. మీరు అంటించిన కాగితం మా నాన్న తీసేశాడు. కొత్తది నన్ను రాయమన్నాడు. అందరూ తాకవచ్చు అని రాశాను. చేతులు కడుక్కుని తాకాలని కూడా రాయమని మా నాయనమ్మ అంది. మంచినీళ్ళతో.